ఊహలు అచ్చు వెయ్యం

1974 జనవరి 7, సోమవారం

బొగ్గు గనుల గొడవ పుణ్యమా అని కరెంటు చాలక ఇంగ్లండంతా వారానికి మూడు రోజులే పని. మా నిఘంటువు ఆఫీసు వంతుకు సోమ, మంగళ, బుధవారాలు వచ్చాయి. మిగతా రోజుల్లో లైటు వెయ్యకూడదు, హీటరు ముట్టుకోకూడదు. మా ప్రధాన సంపాదకులు డాక్టర్ ప్రింగిల్ దీన్ని ప్రభుత్వం తన మీద కట్టిన కక్షగా తీసుకున్నారు. "ఎస్ అక్షరం ఫిబ్రవరి ఇరవై ఏడున అచ్చుకు వెళ్లి తీరాలి, ప్రధానమంత్రి వచ్చి బతిమాలినా సరే" అన్నారు. ప్రధానమంత్రికి అలాంటి ఉద్దేశం ఉన్నట్టు కనబడదు.

నా బల్ల మీదికి ఈ రోజు 'స్టొకాస్టిక్' వచ్చింది. విశేషణం. ఊహకు, అంచనాకు సంబంధించినది. దీనికి ఉన్నవి పద్నాలుగే చీటీలు. పదమూడు ఈ శతాబ్దానివి, అన్నీ లెక్కల పండితులు వాడినవి. వాళ్ల దృష్టిలో ఈ మాటంటే పాచికలు పడే తీరు, మన సిటీ బస్సులు వచ్చే తీరు. ముందుగా చెప్పడం ఎవరి తరమూ కాదు. పద్నాలుగో చీటీ మాత్రం 1649 నాటిది, ఎవరో వైద్యుడు జ్వరాల మీద రాసిన పుస్తకంలోంచి: "మాది స్టొకాస్టిక్ విద్య, మేము గురి చూసి వేస్తాం, తగిలిందీ లేనిదీ రోగి నాడి చెబుతుంది."

గుండ్రటి, ధైర్యమైన చేతిరాత. సంతకం చూడనక్కరలేదు, మిస్ థర్జా లార్టర్‌ది. మాకు చీటీలు రాసి పంపే పాఠకులు నలభై మంది దాకా ఉన్నారు. జీతం లేకుండా పాత పుస్తకాలు చదివి, వాక్యం, పుస్తకం పేరు, సంవత్సరం చీటీకెక్కించి పోస్టు చేస్తారు. వాళ్లందరిలో మిస్ లార్టర్ ఒక్కరే ఇరవై మూడేళ్లలో తొమ్మిది వేలు పంపారు. మా నారిచ్ బూట్ల ఊరు కాబట్టి మా చీటీలుండేది బూట్ల పెట్టెల్లో. ఆవిడవి ముప్పై ఒక్క పెట్టెలు.

జనవరి 8, మంగళవారం

ఈ మాట పుట్టుక రాశాను. చాలా రోజుల తర్వాత పని చేస్తుంటే సంతోషమనిపించింది.

గ్రీకువాళ్లు విలుకాళ్ల కోసం నేలలో పాతే గురి కర్రను 'స్టొకోస్' అన్నారు. దాన్నుంచి గురి చూడటం వచ్చింది, గురి చూడటం నుంచి ఊహించడం వచ్చింది. 'స్టొకాస్టికోస్' అంటే బాగా ఊహించగలవాడు. ఊహంటే చీకట్లో బాణం అనుకుంటాం మనం. వాళ్ల ఊహకు పట్టపగలు, ఎదురుగా ఒక కర్ర, సరి చూసుకున్న గాలి. ఈ మాట పదిహేడో శతాబ్దంలో ఇంగ్లీషులోకి వచ్చి, కొన్నాళ్లుండి, పోయింది. రెండు వందల ఏళ్లు ఎవరికీ గుర్తు లేదు. తర్వాత లెక్కలవాళ్లు జర్మన్ దారిలో మళ్లీ పట్టుకొచ్చారు గాని విలుకాడిని అక్కడే వదిలేశారు. ఎటు పోతుందో తెలియని బాణం ఒక్కటే మిగిలింది.

సాయంత్రం ప్రింగిల్ గారు ఆ చీటీని వేలితో తట్టారు.

"టిల్లెట్, ఇది నిజమైతే మిగతా నిఘంటువులన్నిటికంటే మనం పదేళ్లు పైచిలుకు ముందుంటాం. ఆ పుస్తకం ఎక్కడుంది?"

"ఏ లైబ్రరీ జాబితాలోనూ దొరకలేదండీ."

"అయితే ఆవిడింటికే వెళ్లి కళ్లారా చూసి రండి. నియమం తెలుసుగా?"

తెలుసు. ఒక పాఠకుడి చీటీలో ఒక్క సంవత్సరం తెలిసి తెలిసి తప్పు వేశాడని తేలితే అతని పెట్టెలన్నీ నేలమాళిగకు పోతాయి. తర్వాత ఒక్క చీటీ కూడా వాడరు. 'పెట్టెలు దించడం' అంటాం. నా కాలంలో ఒక్కసారే జరిగింది. ఆ పెద్దాయన మళ్లీ మాకు ఉత్తరం ముక్క రాయలేదు.

జనవరి 12, శనివారం

ఆఫీసు పని మీద నది అవతలికి వెళ్లాను.

తలుపు తెరిచిన మనిషిని చూసి ఇంటి నంబరు మళ్లీ చూసుకున్నాను. ఆ చేతిరాతకు ఇన్నేళ్లూ నేను తెల్ల జుట్టు, శాలువా, ఒక పిల్లి తగిలించి ఉంచాను. తీరా చూస్తే నాకంటే ఒకటి రెండేళ్లు చిన్నే ఉంటారు. మెడలో కొలత టేపు, చేతిలో పిల్లల బూటుకు కుట్టే తోలు ముక్క. ఫ్యాక్టరీ మూసేశాక ఇంట్లోనే తొక్కుడు మిషను మీద కుడుతున్నారట.

"నిఘంటువు ఆఫీసు నుంచండీ. ఆంబ్రోస్ టిల్లెట్ అంటారు."

"అబ్బో, ఇరవై మూడేళ్లకి కనబడిందా దారి? నడిచొస్తే పావుగంట! రండి, వానలో నిలబడి మర్యాదలేంటి. ఆ గొడుగు దులపకండి, నేల ఇందాకే తుడిచాను."

టీ ఇచ్చారు. ఎండు ద్రాక్షలు వేసిన షార్ట్‌కేకు ఇచ్చారు. నేను ఒకటి తిన్నాను. ఆవిడ లెక్క ప్రకారం నాలుగు.

"మీ సైజు తొమ్మిది. ఎడం కాలు కాస్త పెద్దది. మీ బూట్లు అమ్మినవాడెవడోగానీ మిమ్మల్ని నిలువునా ముంచాడు."

"ఎలా చెప్పగలిగారు?"

"మీరు నడవట్లేదు, ఎడం కాలికి క్షమాపణ చెప్పుకుంటూ వస్తున్నారు. ఇరవై ఏళ్లు పాదాలు చూసిన దాన్ని, ఆ మాత్రం చెప్పలేనా?"

వాన గురించి, కరెంటు గురించి, హెర్రింగ్ చేప ధర గురించి మాట్లాడుకున్నాం. వచ్చేటప్పటికి చీకటి పడింది.

జనవరి 13, ఆదివారం

పుస్తకం గురించి అడగలేదు.

జనవరి 15, మంగళవారం

పుస్తకం బైండింగుకు వెళ్లిందని ప్రింగిల్ గారితో చెప్పాను. ఎందుకు చెప్పానో నాకే తెలియదు. మొదటి పరిచయంలోనే సోదా చేస్తే ఏం బాగుంటుంది? శనివారం మళ్లీ వెళ్లాలి. తప్పదు.

జనవరి 19, శనివారం

చూశాను.

నేను అడగకుండానే ఆవిడే తెచ్చి ఒళ్లో పెట్టారు. చిన్న పుస్తకం, ఎలకలు కొరికిన అంచులు. తెరిచాను. మొదటి పేజీ లేదు. పుస్తకం పేరుండే పేజీ, రాసినవాడి పేరు, అచ్చు సంవత్సరం, ఏవీ లేవు. పుస్తకం పేరు లోపలి పేజీల నెత్తిన ఉంది కాబట్టి తెలిసింది. సంవత్సరం ఎక్కడా లేదు.

"అన్నీ ఇంతే" అన్నారావిడ, గోడ వైపు చూపిస్తూ. మూడు వరసల పుస్తకాలు. "మార్కెట్లో పాత పుస్తకాల కొట్టువాడు మొదటి పేజీ చిరిగినవన్నీ సబ్బుల పెట్టెలో పడేసేవాడు. బాగున్నవి పంతుళ్లు కొనేవాళ్లు. చిరిగినవి నేను కొనేదాన్ని. కుట్టు మిషను తొక్కేదాని జీతానికి అవే ఎక్కువ."

"మరి సంవత్సరం?"

"ఊహిస్తాను."

అంత తేలిగ్గా అన్నారు.

"మొదట్లో మర్యాదగా ప్రశ్న గుర్తు పెట్టేదాన్ని. యాభై ఒకటిలో నలభై చీటీలు పంపాను, మొట్టమొదటి కట్ట. ప్రతిదాని మీదా సంవత్సరం ముందు ప్రశ్న గుర్తు. వారానికి కట్ట మొత్తం తిరిగొచ్చింది. పైన టైపు కొట్టిన కాగితం. 'సంవత్సరం తెలియని చీటీలు పంపవద్దు. మేము ఊహలు అచ్చు వెయ్యము. సంపాదకుల తరఫున.' పేరు కూడా లేదు మహానుభావుడికి. ఆ రోజు ఫ్యాక్టరీలో రెండు జతలకి నాలుగూ ఎడం కాళ్లే కుట్టాను. ఫోర్‌మన్ తల వాచేలా చీవాట్లు పెట్టాడు."

"తర్వాత?"

"తర్వాతేముంది? అవే నలభై చీటీలు మళ్లీ రాశాను, గుర్తు తీసేసి. వారానికి ధన్యవాదాలు చెబుతూ ఉత్తరమొచ్చింది! వాళ్లకి కావలసింది ధైర్యమన్నమాట అనుకున్నాను. ఆ కాగితం రాసినాయన ఇంకా ఉన్నాడా మీ దగ్గర?"

"ఇప్పుడు... అలా ఎవరూ రాయరండీ" అని నీళ్లు నమిలాను.

"పోన్లెండి. పాపం, పోయుంటాడు."

జనవరి 20, ఆదివారం

ఆవిడ అడిగింది ఒకటి, నేను చెప్పింది ఒకటి. అయినా అబద్ధమైతే కాదు.

జనవరి 20, సాయంత్రం

నియమాల పుస్తకం తీశాను. పన్నెండో పేజీ: "సంవత్సరం ఊహించవలసి వచ్చినచోట ముందు ప్రశ్న గుర్తు ఉంచి పంపవచ్చును." 1951లో నేను ఉద్యోగంలో చేరి మూడు వారాలు. అప్పటికి ఎనిమిది పేజీలే చదివాను. మిగతావి చదవకుండానే అన్నీ తెలుసనుకున్నాను. ఆ కాగితంలో నాకు బాగా నచ్చిన వాక్యం ఆ రెండోదే. టైపు చేయించాక పైకి ఒకసారి చదువుకున్నాను కూడా.

ఇదంతా ఆవిడకి చెప్పవలసిన అవసరమేమీ లేదు. విషయానికి సంబంధం లేదు.

జనవరి 23, బుధవారం

ప్రింగిల్ గారు అడిగారు. బైండింగు అన్నాను. "ఏం, బైండరు ఆవును పెంచి తోలు తీస్తున్నాడా?" అన్నారు.

మా బెరిల్ టైపు చేస్తుంది, ఫైళ్లు చూస్తుంది, టీ కాస్తుంది, అందరి గుట్టూ తెలుసుకుంటుంది. నన్ను ఎగాదిగా చూసింది. "కొత్త టై! ఎవరు పోయారు టిల్లెట్ గారూ?"

"ఎవరూ పోలేదు. సేల్లో కొన్నాను."

"సేల్లో ఎవరూ నీలం రంగు కొనరు" అంది.

జనవరి 26, శనివారం

ఆఫీసు పని మీద. 1649 ఎలా వచ్చిందో రాతపూర్వకంగా తెలుసుకోవాలి కదా.

ఈ రోజు డంప్లింగులు చేశారు, కూర పులుసులో తేలే పిండి ఉండలు. గిన్నె మూత తీయకూడదట, తీస్తే కుంగిపోతాయట. ఇరవై నిమిషాలు మూతకు కాపలా కాశాను. అంత బాధ్యతాయుతమైన పని నాకు ఆఫీసులో కూడా ఎవరూ ఇవ్వలేదు.

భోజనాలయ్యాక పుస్తకం తెచ్చి నా పక్కనే కూర్చున్నారు.

"చూడండి. మొదటి సగమంతా 'మన రాజుగారు, దేవుడు కాపాడుగాక' అని ఉంటుంది. ఇక్కడ, నూట పదహారో పేజీ. 'కీర్తిశేషులైన రాజుగారు' అయిపోయాడు. అంటే?"

"అచ్చు జరుగుతుండగానే..."

"రాజుగారి తల తెగింది! పాపం అచ్చువాడు వెనకవి దిద్దలేడు, అప్పటికే అచ్చయిపోయాయి. ముందువి మాత్రం మార్చాడు. మన దేశంలో రాజు తల నరికింది ఒక్కసారే, 1649 జనవరిలో. అంటే ఆ చలికాలమే. మరి నేను గాల్లోంచి లాగానా?"

ఆవిడ వేలు నూట పదహారో పేజీ మీద ఉంది. నేను పేజీ చూడటం లేదు. ఇరవై మూడేళ్లు పండితుల మధ్య కూర్చున్నాను. ఇంత అందమైన తర్కం ఒక్కరి నోటా వినలేదు. గ్రీకువాళ్లు ఆ మాట ఈవిడ కోసమే చేసిపెట్టారేమో అనిపించింది. ఆ మాట పైకి అనలేదు. 'తర్కం బాగుంది' అని మాత్రం అన్నాను. థర్జా నవ్వింది.

మిస్ లార్టర్ నవ్వారు.

జనవరి 30, బుధవారం

ప్రింగిల్ గారు తలుపు వేసి అడిగారు. ఇక బైండరును ఎంతకాలం బతికించగలను? చెప్పాను. మొదటి పేజీ లేదని, సంవత్సరం ఊహ అని, కానీ ఆ ఊహ ఎంత గట్టిదో, నూట పదహారో పేజీ ఏం చెబుతుందో, అంతా చెప్పాను.

"గట్టిదే" అన్నారాయన. "కానీ ప్రశ్న గుర్తు లేదు. ఊహను నిజమని రాసి పంపింది. ఇదొక్కటేనా ఇలా?"

"కాదండీ. ఇంకా ఉన్నాయి."

"ఎన్ని?"

"తెలియదు."

"అయితే ఏ చీటీని నమ్మాలి టిల్లెట్? సోమవారం పెట్టెలు దించేయండి."

తప్పు ఆవిడది కాదని చెప్పాలని నోరు తెరిచాను. "చలి ఎక్కువగా ఉంది" అని బయటికి వచ్చాను.

ఫిబ్రవరి 2, శనివారం

వెళ్లలేదు. జలుబు.

ఫిబ్రవరి 3, ఆదివారం

జలుబు లేదు.

ఫిబ్రవరి 4, సోమవారం

నేనూ బెరిల్ కలిసి ముప్పై ఒక్క పెట్టెలూ మోశాం. ఒక్కో విడతకు నాలుగు. ప్రతి పెట్టె మీదా గుండ్రటి అక్షరాలు: 'టి. లార్టర్'. కొన్ని చీటీలు నెత్తురు మరకతో ఉన్నాయి, సూది గుచ్చుకున్న వేలితో రాసి ఉంటారు. నేలమాళిగ తడిగా ఉంది. అడుగున ఇటుకలు పేర్చి వాటి మీద పెట్టాను, అదేదో మేలు చేసినట్టు.

మధ్యాహ్నం బెరిల్ లార్టర్ పేరుతో వెతికి ఒక పాత ఫైలు తెచ్చి నా ముందు పెట్టింది. పాఠకులకు మేం పంపిన ఉత్తరాల నకళ్లు దాచే ఫైలు. ఇది 1951ది. ఆ కాగితం నకలు, దాని వెనక గుండుసూదితో గుచ్చిన చిత్తుప్రతి. ఆకుపచ్చ సిరా. ఆ రోజుల్లో గొప్ప కోసం నేను ఆకుపచ్చ సిరా వాడేవాణ్ని, భగవంతుడు క్షమించుగాక.

"ఇది మీ రాతే కదా?"

"అవును."

"ఆవిడతో చెప్పారా?"

"లేదు."

"ఆయనతో?"

"లేదు."

"నీలం టై కట్టుకుని నాలుగు వారాల్నుంచి ఆవిడ వండింది తిని వస్తున్నారు" అంది బెరిల్. మూడే శనివారాలని దిద్దబోయాను, దిద్దనివ్వలేదు. "మనిషి జన్మంతా చేసిన పని మెట్లు దింపించి, ఈ కాగితం మాత్రం పైన దాచుకుంటారా? సిగ్గు లేదూ? మీకు నా చేత్తో ఇక టీ కాయను."

కాయలేదు.

ఫిబ్రవరి 5, మంగళవారం

నకలు, చిత్తుప్రతి, నియమాల పుస్తకం పన్నెండో పేజీ. మూడూ ప్రింగిల్ గారి బల్ల మీద పెట్టాను. ఉద్యోగం పోయినా పోనీ అనుకున్నాను, ఆ మాట కూడా అన్నాను. ఆయన రెండుసార్లు చదివారు.

"ఆకుపచ్చ సిరా" అన్నారు చివరికి.

"అవునండీ."

"మీ ఉద్యోగం నాకెందుకు టిల్లెట్, ఎస్ అక్షరం సగంలో ఉంది. వినండి. తొమ్మిది వేలలో ఏది చూసి రాసిందో, ఏది ఊహించి రాసిందో ఆవిడే విడదీసి చెప్పాలి. ఊహించినవాటికి ప్రశ్న గుర్తు పెడదాం. విడదీయగలిగితే పెట్టెలు పైకి వస్తాయి. లేకపోతే కిందే ఉంటాయి. ఇరవై ఏడు దాటితే నేనేం చెయ్యలేను." కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఎందుకు అడుగుతున్నామో మీరే స్వయంగా వెళ్లి చెప్పాలి. ఉత్తరం రాసి చేతులు దులుపుకోవడం ఈసారి కుదరదు."

ఫిబ్రవరి 9, శనివారం

రాయాలని లేదు. రాస్తాను.

తలుపు తీయగానే, "జలుబు తగ్గిందా? బజార్లో మీ బెరిల్ కనబడి చెప్పింది, మీకు వంట్లో బాలేదని. ఎముకల సూపు పెట్టాను, కూర్చోండి" అంది. బెరిల్ నాకు టీ కాయదు గాని నన్ను ఆవిడ ముందు కాపాడింది. అది ఇంకా నరకం.

నేను కూర్చోలేదు. నిలబడే చెప్పాను. పెట్టెలు దించిన సంగతి ముందు చెప్పాను. థర్జా ముఖంలో రంగు పోయింది. 'అన్నీనా?' అని మాత్రం అడిగింది. అన్నీ అన్నాను. తర్వాత రెండోది చెప్పాను. ఆ కాగితం రాసినవాడు పోలేదు, ఎదురుగా ఉన్నాడని. నియమం అలా లేదని, ఆ గుర్తులు సరైనవేనని, నేను పుస్తకం పూర్తిగా చదవలేదని.

ఆవిడ స్టవ్ మంట తగ్గించింది.

"అప్పుడు మీకెంత వయసు?"

"ఇరవై ఎనిమిది."

"నాకు ఇరవై ఆరు. పద్నాలుగేళ్లకి బడి మాన్పించేశారు. చదువుకున్నవాళ్లు ఊహించరు, వాళ్లకి అన్నీ తెలుస్తాయి అనుకున్నాను. నాకు మాత్రమే తెలియదనుకున్నాను. అందుకని తెలిసినట్టు రాశాను. రాసిన ప్రతిసారీ ఇక్కడ..." గుండె మీద వేలు పెట్టుకుంది. "ఇక్కడ కలుక్కుమనేది. ఇరవై మూడేళ్లు నాచేత అబద్ధం ఆడించారు మీరు. ఎనిమిది పేజీలు చదివి!"

"క్షమించమని అడగను. కానీ ఊహించినవి ఏవో మీరు విడదీసి చెబితే పెట్టెలు మళ్లీ పైకి..."

"మూడు శనివారాలు నా బల్ల దగ్గర కూర్చున్నారు. 'ఆయన ఉన్నాడా' అని నోరు తెరిచి అడిగాను. అప్పుడు చెప్పుంటే నవ్వేసేదాన్ని, ఒట్టు. అప్పుడైతే నవ్వేసేదాన్ని." స్టవ్ ఆర్పేసింది. "వెళ్లండి."

వచ్చేశాను. ఇదే జరిగింది. ఆవిడ అన్నదాంట్లో దిద్దవలసిన అక్షరం ఒక్కటీ లేదు.

ఫిబ్రవరి 10, ఆదివారం

పెట్టెలు ఇక కిందే.

ఫిబ్రవరి 11, సోమవారం

తొమ్మిదింటికి మెట్ల మీద అడుగుల చప్పుడు. థర్జా. మంచి కోటు, చేతిలో సంచీ. నావైపు చూడలేదు. నేరుగా ప్రింగిల్ గారి గదిలోకి వెళ్లింది. తలుపు తీసే ఉంది, అంతా వినబడింది.

"మీరేనా పెద్దాయన? నా పెట్టెలు ఎక్కడ? ఒక బల్ల, ఒక లైటు కావాలి. టీ నేనే తెచ్చుకున్నాను."

"తొమ్మిది వేల చీటీలమ్మా. మీకు గుర్తుంటాయా?"

"కలుక్కుమన్నవి మరిచిపోతానా?"

ప్రింగిల్ గారు లేచి నిలబడటం నేను మొదటిసారి చూశాను.

ఫిబ్రవరి 12, మంగళవారం

మధ్య గదిలో బల్ల వేశాం. నేను పెట్టెలు మోసుకొస్తున్నాను, ఆవిడ చీటీలు వేళ్లతో పరుగెత్తిస్తుంది. ఎక్కడో ఆగుతుంది. ఒకటి లాగుతుంది. తోలు పలకల్లో లోపం వెతికే చేతులవి. లాగినదాన్ని నాకు అందిస్తుంది, నేను సంవత్సరం ముందు ప్రశ్న గుర్తు పెట్టి నా పొడి అక్షరాలు రాస్తాను. ఇది ఆవిడ పెట్టిన షరతు. "ఆయనే పెట్టాలి. తన చేత్తో" అని ప్రింగిల్ గారితో చెప్పిందట.

నాతో ఈ రోజు ఆరు మాటలు మాట్లాడింది. అందులో మూడు 'తర్వాతి పెట్టె'.

ఫిబ్రవరి 13, బుధవారం

అయిపోయింది. నాలుగు వందల పన్నెండు. వేలల్లో ఉంటాయని భయపడ్డాను. తొమ్మిది వేలలో నాలుగు వందల పన్నెండే. మిగతావాటికి సంవత్సరం లైబ్రరీ పుస్తకాల్లో చూసే రాసిందట.

కోటు తొడుక్కుంటూ బెరిల్‌కి వెళ్లొస్తానంది. ప్రింగిల్ గారికి చెప్పింది. నా బల్ల ముందు ఒక్క క్షణం ఆగింది. "సిరా నల్లది వాడారు" అంది. ఆకుపచ్చ సిరా సంగతి బెరిల్ చెప్పి ఉంటుంది.

"అవునండీ."

వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 16, శనివారం

వెళ్లడానికి పనేమీ లేదు. వెళ్లలేదు.

ఫిబ్రవరి 20, బుధవారం

ప్రింగిల్ గారు ఊరుకుంటారా? మొదటి పేజీ ఉన్న ప్రతులు దొరికే పుస్తకాలు పది ఏరి, కేంబ్రిడ్జి వెళ్లి లైబ్రరీలో పోల్చి వచ్చారు. థర్జా ఊహల్లో ఆరు సరిగ్గా ఆ సంవత్సరమే. మూడు ఏడాది, రెండేళ్లు అటూ ఇటూ. ఒకటి మాత్రం నలభై ఏళ్లు తప్పు.

"నేనైతే నాలుగు చెప్పగలిగేవాణ్ని" అన్నారు. ఆయన తన గురించి చెప్పుకున్నది కాబట్టి మూడు అనుకోవచ్చు.

జ్వరాల పుస్తకం ఇంకో ప్రతి ఎక్కడా లేదు. అది ఊహగానే అచ్చవుతుంది, గుర్తుతో. బెరిల్ నాకు టీ ఇచ్చింది. పంచదార వెయ్యలేదు.

ఫిబ్రవరి 23, శనివారం

నది దాకా నడిచి వెనక్కి వచ్చాను. వ్యాయామం.

ఫిబ్రవరి 27, బుధవారం

ఎస్ అక్షరం వెళ్లింది. వెళ్లే ముందు 'స్టొకాస్టిక్' పేజీ ఆఖరిసారి చూశాను. మొదటి అర్థం 'ఊహకు సంబంధించిన' అని ఉంది. దాన్ని కొట్టేసి 'గురి చూసి ఊహించగల. ఊహలో నేర్పుగల' అని మార్చాను. ప్రింగిల్ గారు చదివి, నావైపు చూసి, కవరులో పెట్టారు.

పెట్టెలు ముప్పై ఒకటీ పైన, వాటి చోట్లో ఉన్నాయి. ఇక ఆవిడతో ఆఫీసుకు తేలవలసిందేమీ లేదు.

మార్చి 2, శనివారం

బయలుదేరేటప్పుడు సంచీలో ఏదో ఒక ఫైలు పెట్టుకుందామనుకున్నాను. కేంబ్రిడ్జి ఫలితాల కాగితం ఉంది కదా, దాన్ని చూపించే వంకతో. తీసి పెట్టాను. మళ్లీ బయటికి తీసి డ్రాయరులో పెట్టాను. ఆ ఫలితాలు ఆవిడకి పోస్టులో ఎప్పుడో చేరాయి. ఖాళీ చేతులతో నడిచాను. వంతెన మీద రెండుసార్లు ఆగాను. వాన సన్నగా ఉంది. ఆవిడ తలుపు తీస్తుందో తియ్యదో ఊహించడానికి నా దగ్గర ఒక్క ఆధారం కూడా లేదు.

తీసింది. మెడలో టేపు, చేతిలో కత్తెర. ముఖంలో నవ్వు లేదు, కోపం లేదు.

"పెట్టెల సంగతా?"

"కాదండీ. అవి పైకి చేరాయి."

"అచ్చు కాగితాలు దిద్దాలా?"

"అవి రావడానికి ఇంకో నెల పడుతుంది."

"మరి ఇప్పుడు ఏం పని మీద?"

ఏదో ఒకటి చెప్పడం నాకు బాగా అలవాటే. నోటి దాకా వచ్చింది కూడా. మింగేశాను.

"ఏ పనీ లేదు" అన్నాను. "మొదటిసారి, పెట్టెల సంగతి చెప్పిన రోజు తప్పిస్తే ఎప్పుడూ లేదు. మిమ్మల్ని చూడాలనిపించి వచ్చేవాణ్ని. అది చెప్పడానికి ధైర్యం లేక ఆఫీసు పేరు చెప్పేవాణ్ని."

థర్జా నన్ను పైనుంచి కింద దాకా చూసింది. చూపు నా ఎడం కాలి దగ్గర ఆగింది. చాలాసేపు ఆగింది.

"పని ఉందని ఉంటే గుమ్మంలోనే మాట్లాడి పంపించేద్దామనుకున్నాను" అంది. పక్కకు జరిగి తలుపు పూర్తిగా తీసింది. "బూట్లు విప్పి లోపలికి రా, ఆంబ్రోస్."